సరుకు మీద కాలు పెట్టకూడదు

ఆవిడను ఆడపడుచు రోజుకు నూరుసార్లు "వదినా" అని పిలుస్తుంది కాబట్టి మనమూ వదిన అనే అనుకుందాం. నాలుగు రోజుల ట్రేడ్ షో అది. హాలు నిండా వందల స్టాళ్లు. వదిన స్టాలు మాత్రం ఓ మూలకు, మరుగుదొడ్లకు వెళ్లే దారి పక్కన ఉంది. రెండు మంచాలు వేస్తే మూడోది పట్టని చోటు. అందులో ఆవిడ అమ్మేది రబ్బరు మ్యాట్లు. గుమ్మంలో కాళ్లు తుడుచుకునేవి కావు. ఫ్యాక్టరీల్లో, వంటశాలల్లో, కౌంటర్ల వెనక రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు కాళ్ల కింద వేసుకునేవి. బొటనవేలంత మందం, నల్లటి నలుపు. నొక్కితే కాస్త దిగి మళ్లీ లేస్తాయి. వీటి మీద నిలబడితే కాళ్లు పీకవు, నడుము పట్టేయదు అని పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు కూడా రాయించారు. సరిగ్గా ఆ బోర్డు కిందే మొదటిరోజు మధ్యాహ్నానికల్లా వదిన అడుగు తీసి అడుగు వేయలేని స్థితికి వచ్చింది.

ఎందుకంటే ఆవిడ నిలబడింది మ్యాటు మీద కాదు, నేల మీద. అదీ కాంక్రీటు నేల. పైన తివాచీ అని చెప్పి పరిచింది గట్టిగా తుమ్మితే లేచిపోయే గుడ్డ. పక్కనే అరడజను మ్యాట్లు పరిచి ఉన్నాయి. ఒక్క అడుగు జరిగితే చాలు. జరిగిందా అంటే, ససేమిరా జరగలేదు.

ఆ ఇంట్లో మామగారి కాలం నుంచి ఒక పట్టింపు ఉంది. అమ్మే సరుకు మీద మనం కాలు పెట్టకూడదు. మామగారు మొదట్లో చెప్పులు చేసి అమ్మేవారు. ఆయన పిల్లలందరూ కుట్టు తప్పిన చెప్పులు, ఎడమ కాలికో రంగు కుడి కాలికో రంగు వేసుకుని పెరిగారు. తర్వాత ఆయన రబ్బరు మ్యాట్లకు మారారు గాని పట్టింపు మారలేదు. పైగా చెప్పుల్లో పాడైనవి ఇంటికన్నా వచ్చేవి. మ్యాట్లలో పాడైనవాటిని ముక్కలు చేసి, మరలో ఆడించి, మళ్లీ రబ్బరులోనే కలిపేస్తారు. కాబట్టి ఇంటివాళ్లకు ఆ భాగ్యం కూడా దక్కలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో వదిన ఇదేం చోద్యం అనుకుంది. ఇప్పుడు చూడబోతే ఆ పట్టింపేదో పుట్టింటి నుంచి తనే తెచ్చినట్టు అందరికన్నా గట్టిగా పట్టుకు కూర్చుంది.

అసలు ఈ ట్రేడ్ షోకి రావడం వెనక పెద్ద గొడవే ఉంది. వదిన మొగుడు ఒకరోజు అన్నం తింటూ, షెడ్డు అద్దెకిచ్చేస్తున్నానని చల్లగా చెప్పాడు. ప్లాస్టిక్ కుర్చీల హోల్‌సేల్ ఆయన ఎవరో కుర్చీలు పేర్చుకోవడానికి అడిగాడట. మరి మ్యాట్లు ఒత్తే ప్రెస్సు ఏమవుతుంది అంటే, పాత ఇనుము కింద పోతుందన్నాడు. ఎందుకండీ అంటే బేరాలు లేవన్నాడు. వదిన ఎత్తిన ముద్ద కంచంలో పడేసింది. ఆ ప్రెస్సు దగ్గర రబ్బరు కలిపేది ఆవిడే. ఏ పాళ్లలో ఏది కలిపితే ఎంత మెత్తదనం వస్తుందో చెయ్యి పెట్టి చెప్పగలదు. ఇంట్లో ఆవిడ మాట ఎవరు విన్నా వినకపోయినా ఆ ప్రెస్సు వింటుంది. దాన్ని తీసుకెళ్లి తుక్కులో వేస్తానంటే ఊరుకుంటుందా? మూడు రోజులు మాటలు మానేసింది. నాలుగో రోజు మొగుడు దిగొచ్చి ఒక ఒప్పందానికి వచ్చాడు.

"ఆ ట్రేడ్ షోకేదో నువ్వే వెళ్లిరా. ఏటా మ్యాట్లు తీసుకునే పార్టీ ఒక్కటి దొరికితే ప్రెస్సు ఉంటుంది. దొరక్కపోతే షో అయిన మర్నాడు కుర్చీలాయనకి తాళంచెవి ఇచ్చేస్తా."

"మీరు రారా?"

"నావల్ల కాదు."

కళ్లు నెత్తికెక్కాయి ఈ మనిషికి, అనుకుంది వదిన. తోడుగా ఆడపడుచును బయల్దేరదీసింది.

ఆ ఆడపడుచు బడిలో డ్రిల్లు టీచరు. సెలవు పెట్టి మరీ వచ్చింది. వచ్చే ముందు, ట్రేడ్ షోలో నాలుగు రోజులూ నీరసపడకుండా ఉండటం ఎలా అని దొరికిందల్లా చదివి వచ్చింది. బడిలో పిల్లలైతే గంట కొడితే పారిపోతారు. వదిన ఎక్కడికి పారిపోతుంది?

"గంటకో గ్లాసు నీళ్లు తాగాలి వదినా. నువ్వు అరగంట, నేను అరగంట మాట్లాడాలి. మధ్యాహ్నం చెప్పుల జత మార్చాలి. ఆకలేసేదాకా ఆగకూడదు, గుప్పెడు పప్పులు నోట్లో వేసుకుంటూ ఉండాలి. మునివేళ్ల మీద లేచి దిగుతుంటే పిక్కల్లో రక్తం ఆడుతుంది."

మాటలకేం, అన్నీ బాగానే ఉన్నాయి. గంటకో గ్లాసు నీళ్లు తాగేసరికి ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ మరుగుదొడ్డి వరసలోనే ఉన్నారు. వేయించిన పప్పులు గిన్నెలో పోసి బల్ల మీద పెడితే, స్టాలువాళ్లు ఊరికే పంచుతున్నారనుకుని దారినపోయేవాళ్లు గుప్పిళ్లతో పట్టుకుపోయారు. ఒకాయన మాత్రం రెండోసారి వచ్చి, ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్లాడు. మునివేళ్ల మీద లేచి దిగుతుంటే జనం గుమిగూడారు. అది మ్యాటు పనితనం చూపించడం అనుకుని, మాకూ నేర్పమన్నారు. డ్రిల్లు టీచరుకు అంతకన్నా ఏం కావాలి? పదిహేనుమందిని దారి పొడుగునా వరసలో నిలబెట్టి ఒకటీ రెండూ అని లెక్క చెప్పింది. వాళ్లు చక్కగా వ్యాయామం చేసి, చెమట తుడుచుకుని, ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయారు. మ్యాటు ఖరీదెంతని అడిగిన పాపాన పోలేదు.

దీనికి తోడు మొదటిరోజు మ్యాట్ల మీద పాలిథిన్ కవర్లు అలాగే ఉన్నాయి. మురికవుతాయని వదిన తియ్యనివ్వలేదు. కాలు పెట్టినవాళ్లు పెట్టినట్టే జారారు. ఒక పెద్దాయన పడబోయి వదిన భుజం పట్టుకుని బతికిపోయాడు.

"కాళ్ల నొప్పులు తగ్గిస్తాయని రాశారు. కాళ్లే లేకుండా చేసేట్టున్నారు కదమ్మా," అంటూ ఆయన కుంటుకుంటూ వెళ్లాడు.

ఆ సాయంత్రం వదిన నీళ్ల కోసం వెళ్లినప్పుడు డ్రిల్లు టీచరు కవర్లన్నీ పరపరా చించిపారేసింది. తిరిగొచ్చి చూసిన వదిన మొహం మాడిపోయింది. కవరు చిరిగితే సరుకు సగం పాతదైపోయినట్టే ఆవిడ లెక్క.

రెండోరోజు నుంచి మరో చోద్యం మొదలైంది. మ్యాటు మీద కాలు పెట్టినవాళ్లు దిగడం మానేశారు. పొద్దున్నుంచి హాలంతా తిరిగి తిరిగి, అరికాళ్లు మండిపోయి, మరుగుదొడ్డికని అటుగా వచ్చినవాళ్లు మ్యాటెక్కి "అబ్బా" అనేవాళ్లు. అని, అక్కడే నిలబడి ఫోన్లు మాట్లాడుకున్నారు. పొట్లాలు విప్పి తిన్నారు. తమ తమ వ్యాపారాలు అక్కడే బేరం ఆడుకున్నారు. ఒకాయనైతే వదిన స్టాలులో నిలబడి ఇంకొకాయనకు రెండు లారీల గాజు సీసాలు అమ్ముకున్నాడు. వదిన కిమ్మనకుండా తడిగుడ్డ పట్టుకుని, దిగినవాళ్ల అడుగుజాడలు తుడుస్తూ కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే. ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి పొట్లాలాయన వాడుకుంటున్నాడు, రెండోదాని మీద ఎవరివో సంచులున్నాయి.

అందరిలోకీ ఎక్కువగా వచ్చేది ఎదురు స్టాలు మిక్సీలాయన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిక్సీలో పళ్లు వేసి తిప్పడం, చిట్టి కప్పుల్లో పోసి పంచడం ఆయన పని. ఎవరూ తాగకపోతే తనే తాగేవాడు. దాంతో ఆయనకు ఒళ్లంతా ఓపికే గాని కాళ్లు మాత్రం అందరిలాంటివే. మిక్సీని తిరుగుతుండగానే వదిలేసి వచ్చి మ్యాటెక్కేవాడు.

"మీకేం అక్కయ్యగారూ, రోజంతా దీని మీదే ఉంటారు," అన్నాడు ఒకసారి, కళ్లు మూసుకుని.

వదిన ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీద వేసుకుని పళ్లికిలించింది. అంతకంటే ఏం చెప్తుంది?

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఒక్క పది నిమిషాలు ఎక్కు. ఎవరూ చూడరు," అంది డ్రిల్లు టీచరు.

"నీకేం, నువ్వు ఎక్కావుగా."

"నేను పెళ్లయి వెళ్లిపోయినదాన్ని. ఆ పట్టింపు నాకు చెల్లదు."

"నాకు చెల్లుతుంది. మనం తొక్కిన సరుకు ఇంకొకరికి కొత్తదని చెప్పి అమ్మటం నావల్ల కాదు."

"వాళ్లంతా తొక్కట్లేదా?"

"వాళ్లు కొనేవాళ్లు."

"ఏదీ, ఒక్కణ్ణి చూపించు," అంది ఆడపడుచు. వదిన తడిగుడ్డ తీసుకుని ఇంకో అడుగుజాడ తుడవబోయింది.

ఆ సాయంత్రం మొగుడు ఫోన్ చేశాడు. పార్టీ ఏదైనా దొరికిందా అని అడిగాడు. ఇంకా రెండు రోజులున్నాయిగా అంది వదిన. కుర్చీలాయన షెడ్డు కొలతలు తీసుకుని వెళ్లాడని చెప్పాడు. ఆ మాట విన్నాక వదినకు కాళ్ల నొప్పి కాసేపు తెలియలేదు. గుండెల్లోదే ఎక్కువైంది.

మూడోరోజు మధ్యాహ్నం దాటాక ఒక పొడుగాటి ఆవిడ వచ్చింది. గుడ్డ బూట్లు, మెడలో గుర్తింపు కార్డు, మొహంలో నవ్వన్నది లేదు. పెద్ద ప్యాకింగ్ కంపెనీలో కొనుగోళ్లు చూసే ఆఫీసరట. వాళ్ల ఫ్లోర్లలో వందలమంది నిలబడే పనిచేస్తారట. మిక్సీలాయన కార్డు చదివి వదినకు కళ్లతో సైగ చేసి, మ్యాటు దిగి మర్యాదగా చోటిచ్చాడు. డ్రిల్లు టీచరు గబగబా సంచులు తీసి కుర్చీ తుడిచింది. వదిన కరపత్రం పట్టుకుని స్టాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చింది. నడవడమంటే ఏముంది, రెండు కాళ్లనూ బతిమాలుకుంటూ తెచ్చుకుంది.

ఆఫీసరమ్మ కరపత్రం అందుకోలేదు. వదిన కాళ్ల వంకే చూస్తోంది.

"మీరెందుకు కుంటుతున్నారు?"

వదిన నోరు తెరవబోయింది. డ్రిల్లు టీచరు అందుకుని, "మెట్ల మీద జారారండీ," అంది.

"జారలేదండి," అంది వదిన. అబద్ధం ఆడదామని ఉన్నా ఆవిడకు అంత వేగంగా రాదు. "మూడు రోజుల్నుంచి నిలబడి ఉన్నాను. అందుకని."

"దేని మీద?"

"నేల మీదండి. అమ్మే సరుకు మీద మేం కాలు పెట్టం."

ఆ మాట ఎంత గొప్పగా అందంటే, అవతలి మనిషి చేతులెత్తి నమస్కారం పెడుతుందేమో అనుకోవాలి. ఆఫీసరమ్మ పెట్టలేదు.

"మీ షెడ్డులో పనిచేసేవాళ్లు?"

"అందరం నేల మీదేనండి."

"అయితే వీటి మీద రోజంతా నిలబడితే ఎలా ఉంటుందో మీలో ఒక్కరికీ తెలియదు. మా వాళ్లను మాత్రం నిలబడమంటారు."

వదిన చేతిలోని కరపత్రాన్ని మడత మీద మడత పెట్టింది. ఎన్నేళ్ల నుంచో చేస్తున్నారు, ఎవరూ ఈ ముక్క అడగలేదు. అడగనందుకు వాళ్ల మీద కోపం రావాలా, అడిగినందుకు ఈవిడ మీద రావాలా తేల్చుకోలేకపోయింది.

"రేపు ఆఖరి రోజు కదా," అంది ఆఫీసరమ్మ. "పొద్దున హాలు తెరిచినప్పుడు దీని మీద ఎక్కండి. భోజనానికీ బాత్రూముకీ తప్ప దిగొద్దు. మా వాళ్లకీ అంతే. సాయంత్రం వస్తాను. ఎలా ఉందో నాకు మీరే చెప్పాలి."

ఆవిడ వెళ్లాక డ్రిల్లు టీచరు వదిన రెండు చేతులూ పట్టుకుంది. "పార్టీ దొరికినట్టే వదినా. రోజంతా నిలబడు, సాయంత్రం 'పూల మీద నిలబడినట్టుందండీ' అను. అయిపోయింది."

వదిన మ్యాటు వంక చూసింది. సలసలా కాగుతున్న ప్రెస్సు వంక కూడా ఆవిడ ఎప్పుడూ అంత భయంగా చూడలేదు.

నాలుగోరోజు పొద్దున ఆవిడ చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి, మామగారిని తలుచుకుని తప్పు కాయమని చెప్పి మరీ మ్యాటెక్కింది. ఎక్కగానే ప్రాణం లేచొచ్చింది. మడమల్లోంచి పైకి ఏదో చల్లగా పాకినట్టయింది. మూడు రోజులుగా ఈ సుఖాన్ని పక్కన పెట్టుకుని కాంక్రీటు మీద నిలబడ్డానా అని తన తెలివికి తనే ముక్కున వేలేసుకుంది. ఆ పూటంతా ఆవిడ మొహం చూడాల్సిందే. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మ్యాటు గురించి చెప్పింది. మిక్సీలాయన తెచ్చిన చిట్టి కప్పులు ఆరు తాగింది. ఆడపడుచు మాత్రం, బాత్రూముకు ఎక్కువసార్లు వెళ్తే బాగుండదని నీళ్ల సీసా దాచేసింది. గంటకో గ్లాసు అన్న నోటితోనే ఇప్పుడు గుక్కెడు చాలంది.

మధ్యాహ్నం మొగుడి ఫోన్ వస్తే ఆడపడుచే తీసింది.

"అన్నయ్యా, వదిన మ్యాటు మీద నిలబడింది."

"మీద అంటే?"

"మీద అంటే మీదే. పొద్దున్నుంచి దిగలేదు."

తిడతాడనుకుని డ్రిల్లు టీచరు ఫోను చెవికి దూరంగా పెట్టుకుంది.

"ఎలా ఉందంట?" అన్నాడు చివరికి.

"బ్రహ్మాండంగా ఉందంట," అని చెప్పి పెట్టేసింది.

బ్రహ్మాండం భోజనం దాకానే. తిని వచ్చి ఎక్కిన కాసేపటికి వదినకు పిక్కలు లాగడం మొదలైంది. కాంక్రీటు నొప్పి కాదిది. ఇదేదో కొత్త నొప్పి. కిందకు చూసుకుంటే మడమలు రెండూ మ్యాటులోకి దిగిపోయి, మునివేళ్లు పైకి లేచి ఉన్నాయి. ముందుకు వంగింది, లాభం లేదు. జరిగి నిలబడింది. అక్కడా కాసేపటికి మడమ దిగింది. మ్యాటు పాడైందా అంటే పాడవలేదు. వంగి చేత్తో నొక్కి చూస్తే చక్కగా లేస్తోంది. ఎక్కితే దిగబడుతోంది. సాయంత్రానికి నడుము మీద ఎవరో కూర్చున్నట్టుంది.

ఎందుకిలా అయిందో ఇంకొకరికైతే తెలిసేది కాదు. కలిపింది వదినే కాబట్టి వెంటనే తెలిసిపోయింది. మ్యాట్లు కొనే షాపులవాళ్లు ఎవరూ ఎక్కి చూడరు. బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు మెత్తగా దిగితే మంచి సరుకంటారు. వాళ్ల వేలికి నచ్చాలని ఏటేటా మెత్తదనం పెంచుతూ పోయింది ఆవిడ. ఇన్నేళ్లూ చేసింది బొటనవేళ్ల కోసం. మడమల సంగతి ఎవరికీ తోచలేదు.

"అయితే ఏంటి?" అంది ఆడపడుచు, సంగతి విని. "నువ్వు పూల మాట మర్చిపోకు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు."

"అక్కడ వందలమంది నిలబడతారు."

"ఇక్కడ ప్రెస్సు తుక్కులోకి పోతుంది. అది గుర్తుపెట్టుకో."

వదినకు అది తప్ప వేరే ఏదీ గుర్తులేదు. పక్క స్టాళ్లవాళ్లు అట్టపెట్టెలు సర్దుకుంటుంటే, ఆవిడ మ్యాటు మీద కాలుగాలిన పిల్లిలా కదులుతూ ఎలా చెప్పాలో మనసులో వల్లెవేసుకుంది. పూల మీద, పూల మీద అని లోపల అనుకుంటూనే ఉంది. అంతలో ఆఫీసరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉంది?"

"మధ్యాహ్నం దాకా చాలా బాగుందండి," అంది వదిన. ఆడపడుచు వెనకనుంచి గిల్లింది. వదిన ఆ చెయ్యి తోసేసింది. "తర్వాత మడమ దిగిపోతోంది. పిక్కలు లాగేశాయి. నడుము పట్టేసింది. ఇది ఇప్పుడున్నట్టుగా మీ వాళ్లకి వెయ్యొద్దు."

డ్రిల్లు టీచరు రెండు చేతులతో తల పట్టుకుంది. ఎదురుగా మిక్సీలాయన మిక్సీ ఆపేశాడు. నాలుగు రోజుల్లో ఆ హాలుకు అంత నిశ్శబ్దం తెలియదు.

"బాగు చేయగలరా?"

"చేయగలను. మెత్తదనం తగ్గించాలి, అంతే. బొటనవేలితో నొక్కి చూసేవాళ్లకి నచ్చదు. అలా చేశాక ఒక నెల మా షెడ్డులో మేం నిలబడి చూస్తాం. మాకు సరిపోతేనే మీకు పంపిస్తాను. నెల ఆగలేనంటే మీ ఇష్టమండి."

ఆఫీసరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వులాంటిది కనిపించింది.

"ఈ హాల్లో మ్యాట్లవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లనీ ఇదే అడిగాను. ఒకాయన గంటకోసారి దిగి కాఫీకి వెళ్లాడట. ఇంకొకాయన సాయంత్రానిక్కూడా మేఘాల మీద ఉన్నట్టుందని ఫోన్లో చెప్పాడు. ఆయన మధ్యాహ్నమే ఇంటికెళ్లిపోయాడని పక్క స్టాలువాళ్లు చెప్పారు."

ఆవిడ నెల గడువిచ్చింది. ముందు ఒక ఫ్లోరుకు తీసుకుంటామని, అక్కడివాళ్లు బాగుందంటే మిగతా ఫ్లోర్లన్నిటికీ, ఆ పైన ఏటా తీసుకుంటామని చెప్పి, ఆర్డరు రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆవిడ అటు వెళ్లగానే మిక్సీలాయన మిగిలిన పళ్లన్నీ ఒకేసారి మిక్సీలో వేశాడు. డ్రిల్లు టీచరు వదినను గట్టిగా వాటేసుకుంది.

"నీ నోరు కుట్టేద్దామనుకున్నాను వదినా," అంది.

వదిన మొగుడికి ఫోన్ చేసింది. ఒక్క గుక్కలో అంతా చెప్పింది. అవతల మనిషి ఎగిరి గంతేస్తాడనుకుంది. ఊ కొట్టి ఊరుకున్నాడు.

"ఏం, సంతోషంగా లేదా?"

"లేకేం."

"మరి కుర్చీలాయనకి రావద్దని చెప్పండి."

మళ్లీ ఊ కొట్టాడంతే. వదినకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు కాళ్లు అరగదీసుకుని తను ఆర్డరు తెస్తే, ఈ బెల్లం కొట్టిన రాయి పలకదేం?

"పార్టీ దొరికితే ప్రెస్సు ఉంటుందని మాటిచ్చారు మీరు."

"ఇచ్చాను. ఉంటుంది. దాని ముందు నిలబడటమే నావల్ల కావట్లేదు."

"అంటే?"

"ఏడాదిగా మడమలు రెండూ పోయాయి. పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మేకు దిగినట్టుంటుంది. మధ్యాహ్నం నుంచి ప్రెస్సు పట్టుకుని నిలబడతాను. నువ్వు చూస్తే ఏదో బిగిస్తున్నట్టు నటిస్తాను. బేరాలు లేవని నీతో అబద్ధం చెప్పాను. బేరాలు తక్కువే. కానీ షెడ్డు ఇచ్చేద్దామనుకుంది అందుకు కాదు."

అన్నం ముందు కూర్చుని చల్లగా చెప్పడం, నావల్ల కాదని షోకి రాననడం, అన్నీ వదినకు ఒక్కసారి అర్థమయ్యాయి.

"ఏడాది నుంచి నాతో చెప్పలేదేం?"

"మ్యాట్లు చేసేవాడికి కాళ్ల నొప్పులంటే నలుగురూ నవ్వరా?"

"మీ వెనకాలే మ్యాట్లు గుట్టగా పడున్నాయి కదండీ."

"అది సరుకు కదా."

నిన్న తను ఆఫీసరమ్మతో గొప్పగా అన్న మాటే అది. విని వదినకు తల కొట్టేసినట్టయింది. మొగుడి మీద కోపం వచ్చింది, పైలోకంలో ఉన్న మామగారి మీద వచ్చింది, అందరికన్నా తన మీద తనకు వచ్చింది. ఆ పక్కనే పట్టలేనంత జాలి కూడా వచ్చింది.

"ఇప్పుడెక్కడున్నారు?"

"షెడ్డులో."

"ఆ గుట్టలోంచి ఒకటి తీసి కింద పరవండి."

"నువ్వొచ్చాక చూద్దాంలే."

"ఇప్పుడే."

"సరే, అంచు నలిగింది ఒకటి అడుగున ఉండాలి..."

"నలిగింది వద్దు. పైనున్న మంచిదే తియ్యండి."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు, మ్యాటు నేల మీద పడ్డ చప్పుడు వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు. వదిన కాసేపు ఆగి చూసింది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నా." గొంతు వేరేగా ఉంది. "ఫోన్ పెట్టేయకు. ఏమీ మాట్లాడకు కూడా. కాసేపు ఇలా ఉండనీ."

వదిన ఫోను చెవికి ఆనించుకుని ఊరుకుంది. ఆడపడుచు మ్యాట్లు చుడుతూ దగ్గరికొచ్చి, "అన్నయ్య ఏమంటున్నాడు?" అని మెల్లగా అడిగింది.

"నిలబడ్డారు," అని చెప్పి వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది.